అమావాస్య నాటి మగ్గం

"ఇంకొకసారి చదువు."

తంగమ్మ గొంతులో కోపం లేదు. అందుకే ఆర్తికి భయం వేసింది.

"అవ్వా, ఇప్పటికే మూడుసార్లు చదివినా. వ్యాను వచ్చే టైమయింది. నువ్వింకా చీరైనా మార్చుకోలేదు."

"చదవమంటా ఉండా కదమ్మా. ఆ అమావాస్య అనేకాడ నుంచి చదువు."

ఆర్తి జాబును కిటికీ వెలుగుకు పట్టుకుంది. ఇరవై ఆరేళ్ల నాటి కాగితం. మడతల దగ్గర చీలిపోతుంటే వేలూరులో ప్లాస్టిక్ తొడుగు వేయించారు. అక్షరాలు అరవం, మాటలు తెలుగు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, తెలుగు చదవగలిగినవాళ్లూ లేరు. బడిలో నేర్చింది అరవమే. అందుకే ఆ ఇంటి కొడుకు మణికంఠన్ పట్టాళం నుంచి అమ్మకు జాబు రాసినప్పుడల్లా తమిళ అక్షరాలతో తెలుగు మాటలే రాసేవాడు. కార్గిల్ కొండల్లో చనిపోయే ముందు అతను రాసిన ఆఖరి జాబు ఇదేనని గుడియాత్తం నేతవీధిలో అందరికీ తెలుసు.

ఏటా వేలూరులో, యుద్ధంలో పోయినవాళ్ల కోసం జరిగే సభలో దాన్ని చదివేది ఆర్తి తల్లి రంజని. ఈసారి రంజనికి గొంతు పూర్తిగా కట్టుకుపోయింది. అందుకని కూతురి చేత చదివించాలనుకున్నారు. పొద్దున కాఫీ తాగి, అవ్వ ముందు కూర్చుని, ఆర్తి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒక్కటీ వదలకుండా చదివింది.

తప్పంతా అదే.

"'అమ్మా, నీకు జ్ఞాపకం ఉండాదా,'" ఆర్తి నాలుగోసారి మొదలుపెట్టింది, "'ఒక అమావాస్య దినం నేను మగ్గంలో కూర్చోని పడుగు తెంపేస్తే, నువ్వు నన్ను కొట్టకుండా నవ్వినావు. ఈడ మంచులో కాపలా కాసేటప్పుడు ఆ నవ్వే కండ్ల ముందరకి వస్తాది.'"

తంగమ్మ చేయి ఎత్తింది. ఆర్తి ఆగింది.

అమావాస్య నాడు ఆ వీధిలో మగ్గం చప్పుడు వినపడదు. ముందురోజు సాయంత్రమే అడ్డపోగు నేసే నాడె తీసి పక్కన పెడతారు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తారు. ఇక ఆ దినమంతా, మగ్గం కింద నేతగాడు కూర్చునే గుంతలో కాలు పెట్టేవాడు ఉండడు. నడక రాని పసిబిడ్డ గుంత వైపు పాకినా ఎత్తి పక్కన కూర్చోబెడతారు. మణి ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లు పెరిగినవాడు.

"ఈ మాట మీ అమ్మ నాకు ఎప్పుడూ చదవలేదే," అంది తంగమ్మ.

"మరిచిపోయి ఉంటాదిలే అవ్వా."

"ఇరవై ఆరేండ్లా?"

వంటింటి గడపలో రంజని నిలబడి ఉంది. చేతిలో మిరియాల కషాయం లోటా. తల్లి ముఖం చూసింది. కూతురి చేతిలో జాబు చూసింది.

"అది ఎందుకే చదివినావు?"

గొంతు లేదు. గాలి మాత్రమే వచ్చింది. ఆ గాలిమాటే చాలింది.

"అంటే తెలిసే వదిలిపెట్టినావు," అంది తంగమ్మ.

"అమ్మా, ముందు కాసిని నీళ్లు తాగు."

"నీళ్లు నాకెందుకే? మణి రాసినాడా ఇది?"

రంజని లోటా కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు తడిగా లేవు.

"నేను చదువు రానిదాన్ని. కండ్లు ఉండీ కాగితం చూస్తే చీమలు పారినట్టే ఉంటాది నాకు. నువ్వు చదివితేనే నా కొడుకు మాట్లాడినట్టు. చెప్పు మే. రాసినాడా, లేదా?"

"రాయలేదు."

ఆర్తి జాబును ఒళ్లో పెట్టుకుని అమ్మనూ అవ్వనూ మార్చి మార్చి చూసింది.

"ఎవురు రాసినారు?" అని అడిగి, తంగమ్మే తల అడ్డంగా ఊపింది. "నువ్వు చెప్పొద్దులే. నేనే చెప్తా. మగ్గం ఎరగనోడు రాసినాడు. చేను దున్నేవాళ్ల ఇంట్లో పుట్టినోడు, మగ్గమంటే దినామూ ఆడతానే ఉంటాదని అనుకున్నోడు రాసినాడు. లత్తేరి బాల రాసినాడు."

రంజని తల వంచుకుంది.

బాలచంద్రన్ మణితోపాటు ఒకే పట్టాళంలో పనిచేసినవాడు. ఆ కొండ మీదే కుడికాలు పోగొట్టుకున్నవాడు. మణికి బదులుగా దేవుడు ఈ ఇంటికి పంపినవాడని తంగమ్మ పదిమందికీ చెప్పుకునేది. అతను వేలూరులో సంఘం పెట్టి, కాలూ చేయీ పోయిన సిపాయిలను ఆస్పత్రులకు తిప్పుతూ, బిడ్డలు పోయిన ఇండ్లకు పోయి కూర్చుంటూ, యుద్ధం వద్దని బడుల్లో చెబుతూ ఉంటే, ఈమె పక్కన నిలబడి కొడుకు జాబు చదివించి వినిపించేది. ఆ జాబులో రెండు ముఖ్యమైన మాటలు ఉన్నాయి. ఒకటి, 'అవతల కొండ మీద ఉండేవాడికీ అమ్మ ఉండాది, నా పేరు చెప్పి ఎవురూ పగ పెంచుకోవద్దండి' అని. ఇంకొకటి, 'నన్ను పట్టాళంలో చేర్చింది నువ్వే అని బాధపడొద్దు, నీ మీద నాకు కోపం లేదు' అని.

మొదటి మాటను తంగమ్మ ఊరూరా తిరిగి చెప్పింది. రెండో మాట మాత్రం తనకోసమే రాసిందని గుండెల్లో పెట్టుకుంది. కైలీ లుంగీలు నేస్తే ఇల్లు గడవదని, మణి వద్దంటున్నా చేయి పట్టుకుని వేలూరు మైదానంలో పట్టాళంలో చేరేవాళ్ల వరసలో నిలబెట్టింది తనే.

"అప్పుడు నాకు పదిహేడేండ్లమ్మా," రంజని గొంతు గీరుకుంటూ వచ్చింది. "మొదటి వరస చదవంగానే అన్న చేతిరాత కాదని తెలిసిపోయింది. తలెత్తి నాయన తట్టు చూసినా. చదువు అన్నట్టు నాయన తలాడించినాడు. చదివినా. నువ్వు ఆరోజే కదా అన్నం తినింది."

"అమావాస్య మాట?"

"అది ముందుగానే కంటికి కనపడింది. దాటేసినా. అప్పట్నించి దాటేస్తానే ఉండా."

"బాగా దాటినావు. నీ బిడ్డకు మాత్రం దాటేది నేర్పలేదు."

రంజని ఏడ్చింది. గొంతు లేని ఏడుపు. భుజాలు మాత్రం కదిలాయి.

"అయితే మీ నాయనకూ తెలుసు," అంది తంగమ్మ.

ముందుగదిలో మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిందో ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

*

లోకనాథం గుంతలోనే కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. సగం నేసిన కైలీ మీద రెండు అరచేతులూ బోర్లించి పెట్టాడు.

"ఏమయ్యా," అంది తంగమ్మ. "విన్నావు కదా?"

"వింటిని."

"నువ్వూనా?"

"ఇరవై దినాలు నువ్వు ముద్ద ముట్టలేదు. ఇంట్లో రెండో శవం లేస్తాదని భయపడినా."

"నేను తినలేదని, నా కొడుకు పేరు పెట్టి ఇంకొకడి చేత రాయించినావా?"

"నేను రాయించలేదు. వాడే రాసుకొచ్చినాడు. నేను కాదనలేదు, అంతే."

"అంతే!"

తంగమ్మ గుంత గట్టున కూర్చుంది. వీధిలో ఎవరో మోటారు సైకిలు కడుగుతున్న నీళ్ల చప్పుడు వస్తోంది.

"నేను ఎన్ని బడులకు పోయినా! ఎంతమంది తల్లుల చేతులు పట్టుకొని చెప్పినా! నా కొడుకు ఇట్ల రాసినాడమ్మా, మీరు పగ పెంచుకోవద్దండమ్మా అని. అప్పుడన్నా ఒకసారి చెప్పకూడదా? ఒక్క మీటింగుకన్నా నువ్వు రాలేదు. కొడుకు మాట వింటే తట్టుకోలేడు పావం అని నేను అందరికీ చెప్తా ఉంటి."

"నేను రాలేను మే."

"ఇప్పుడు తెలిసిందిలే ఎందుకు రాలేదో."

లోకనాథం ఆమె వైపు చూశాడు. ఇంకా ఏదో తెలిసిపోయిందేమోనని వెతికినట్టుగా చూశాడు. ఆ చూపు తంగమ్మకు అర్థం కాలేదు.

బయట వ్యాను హారన్ రెండుసార్లు మోగింది.

"ఏం పాపా, గొంతు సరి చేసుకున్నావా?" బాలచంద్రన్ గడప దగ్గర పెట్టుడుకాలు జాగ్రత్తగా లోపల పెడుతూ గట్టిగా అన్నాడు. "మీ అమ్మ మాదిరి కప్పగొంతు వేసుకొని వస్తే ఈ బాలమామే చదవల్ల. నా అరుపుకు సభలో పావురాలన్నీ లేచిపోతాయి!"

ఎవరూ నవ్వలేదు. అతను ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చి తంగమ్మ దగ్గర ఆగాడు.

"ఏమైందమ్మా?"

"రా బాలా. ఒకటి అడుగుతా చెప్పు. మగ్గం అమావాస్య నాడు ఆడతాదా నాయనా?"

"నాకేం తెలుసమ్మా, ఆడతాదేమో..."

అతని మాట మధ్యలోనే తెగింది. ఆర్తి ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ తొడుగు కనపడింది. గోడకు చేరబడి, పెట్టుడుకాలు చాచి, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

"అంతా చెప్పేసినారా నాయనా?" అని లోకనాథాన్ని అడిగాడు. "తంతి సంగతి గూడానా?"

లోకనాథం కళ్లు మూసుకున్నాడు.

"ఏం తంతి?" అంది తంగమ్మ.

"ఏం తంతి?" అంది రంజని. ఆమెకూ తెలియదు.

*

మగ్గం వెనక పాత నాడెలు వేసే రేకుపెట్టె ఉంది. లోకనాథం గుంతలోంచి లేచి, పెట్టె తీసి, అడుగున పరిచిన అట్ట కింది నుంచి నాలుగు మడతల నీలం కాగితం బయటికి తీశాడు. తంగమ్మ చేతికి ఇవ్వబోయి, ఆమెకు చదువు రాదని గుర్తొచ్చినట్టు ఆగి, మనవరాలికి ఇచ్చాడు.

"ఏదీ వదలొద్దు," అంది తంగమ్మ.

ఆర్తి చదివింది.

"'అమ్మకు మణి రాసేది. నాయన చదివి వినిపించల్ల. అమ్మా, నాకు నిద్ర లేదు. ముందర పోయినోళ్లను కిందికి మోసుకొచ్చింది మేమే. వేలూరోడు ఒకడు, మోస్తా ఉండంగానే పోయినాడు. నాకు భయంగా ఉండాదమ్మా. బాలాకి తప్ప ఎవురికీ చెప్పలేదు. నీకు ఒళ్లు బాగలేదని, వెంటనే రమ్మని నాయనను తంతి కొట్టమను. అది చూపిస్తే పది దినాలు పంపిస్తారని ఈడ అంటా ఉండారు. పది దినాలు చాలు. నీ పక్కన పండుకొని నిద్రపోయి వచ్చేస్తా. నాయన ఒప్పుకోడు. నువ్వు చెప్పు. నువ్వు చెప్తే వింటాడు.'"

ఆర్తి ఆగింది. "అంతే ఉండాది అవ్వా."

తంగమ్మ లోకనాథం వైపు తిరిగింది.

"ఇది ఎప్పుడు వచ్చింది?"

"వాడు పోయేదానికి పదైదు దినాల ముందర," అన్నాడు లోకనాథం.

"నాకు ఏం చదివి వినిపించినావు ఆరోజు?"

"బాగుండాడంట అని చెప్పినా."

"నువ్వు చెప్తే వింటాడు అని రాసినాడే. నాకు చెప్పమని రాసినాడే! నేను చెప్పే వీలే లేకుండా చేసేస్తివే!"

"పోస్టాఫీసు దాకా పోయినా మే. రెండుసార్లు. టెలిగ్రాం ఫారం గూడా తీసుకున్నా." ఆయన చేతులు గాలిలో ఆ ఫారం పట్టుకున్నట్టే ఉన్నాయి. "గుండ్రాయి లాగా ఉండే నిన్ను చావుబతుకుల్లో ఉండాదని రాసేదానికి చెయ్యి రాలేదు. వీధిలో అందరూ నా భుజం తట్టి, నీ కొడుకు యుద్ధంలో ఉండాడంట కదా అని టీ ఇప్పిస్తా ఉండారు. అందరి పిల్లోళ్లూ ఆడ ఉండంగా, నావాణ్ని మాత్రం అబద్ధం చెప్పి పిలిపించుకునేదెట్ల అనుకున్నా. ఇంకొక వారం చూద్దాం అనుకున్నా."

"తంతి కొట్టినా పంపించి ఉండరమ్మా," అన్నాడు బాలచంద్రన్. "అప్పుడు ఎవురికీ లీవు లేదు. ఒట్టు."

"వద్దనేది వాళ్లు అనల్ల. మధ్యలో ఈయనెవురు? నువ్వెవురు?"

బాలచంద్రన్‌ పెట్టుడుకాలిని దగ్గరికి లాక్కున్నాడు.

"నీకు తెలుసు. వాడు దినామూ తంతి కోసం చూస్తా ఉండినాడని నీకు తెలుసు. తెలిసీ వచ్చి నా చేతి అన్నం తిన్నావు."

"అమ్మా..."

"అమ్మా అనొద్దు."

బాలచంద్రన్ తల దించుకున్నాడు. తంగమ్మ గట్టు పట్టుకుని లేచింది. నీలం కాగితం ఆర్తి చేతిలోంచి తీసుకుని రవికలో దోపుకుంది.

"ఆర్తీ, నా తెల్లచీర తీసుకురా."

"మీరు ఈరోజు రావద్దు," అన్నాడు బాలచంద్రన్. "నేనేదో ఒకటి చెప్పుకుంటా సభలో."

"నువ్వు చెప్పుకుంటావులే. రాసేదే వచ్చినోడికి చెప్పేది రాదా?"

లోకనాథం గోడకు తగిలించిన చొక్కా అందుకున్నాడు. "నేనూ వస్తా."

"ఇన్నేండ్లు రానోడివి ఈరోజు ఎందుకు?"

ఆ చొక్కా ఒక చేతికి తొడుక్కున్నట్టే ఉండిపోయింది. వ్యాను కదిలేటప్పుడు తంగమ్మ వెనక్కి చూడలేదు. రంజని చూసింది. నాయన గడపలో నిలబడి ఉన్నాడు. రెండో చేయి ఇంకా తొడుక్కోలేదు.

*

వ్యాను ఊరు దాటింది. డ్రైవరు పాట పెట్టబోతే రంజని చేయి ఊపి వద్దంది.

ముందు సీట్లో ఉన్న బాలచంద్రన్ వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టాడు.

"నేను మొదటిసారి వచ్చినప్పుడు, వాడు నాకేమన్నా చెప్పినాడా అని అడిగినారు మీరు. ఏం చెప్పేది? తంతి రాలేదే, తంతి రాలేదే అన్నాడని చెప్పల్లనా? జాబు ఉండాది, ఇంట్లో పెట్టినా, మళ్లీ తెస్తా అని నోటికి వచ్చేసింది. ఇంటికి పోయి రాసినా. మూడు దినాలు రాసినా."

తంగమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఆ మాటలు అబద్ధం కాదు. నావి. అవతలోడికీ అమ్మ ఉండాదనేది, పగ వద్దనేది, కాలు పోయినాక ఆస్పత్రి మంచం మీద నాకు వచ్చిన మాటలు. నా పేరుతోనే చెప్పి చూసినా మా ఊర్లో. ఒంటికాలోడు భయపడి వాగుతా ఉండాడు అన్నారు. టీ కొట్టుకాడ నవ్వినారు. అదే మాట సచ్చిపోయినోడు రాసినాడంటే కలెక్టరు గూడా లేచి నిలబడతాడు."

"అందుకని నా బిడ్డను వాడుకున్నావు."

"అవును."

"వాడికి పంపకుండా పోయిన తంతి గురించి తెలిసి గూడా నువ్వు జాబులో ఏం రాసినావు? నీ మీద కోపం లేదు అని."

"అది మీకోసం రాసినా."

"కోపం లేదని నీకెట్ల తెలుసు?"

బాలచంద్రన్ ఇప్పుడు వెనక్కి తిరిగాడు. జవాబు చెప్పకముందే వ్యాను కే.వి.కుప్పం సంత పక్కన ఆగింది.

అక్కడ చిన్నమణి ఎక్కాల్సి ఉంది. ఆమె కొడుకు చిన్నప్పన్ మూడు నెలల కిందట సరిహద్దులో చనిపోయాడు. ఆమె ఆ రోజు నుంచి ఇంటి గడప దాటలేదు. రెండోవాడు అన్న చావుకు పగ తీర్చుకుంటానని పట్టాళంలో చేరడానికి తిరుగుతున్నాడు. తంగమ్మ జాబు వింటే తల్లీ కొడుకూ కాస్త దారికి వస్తారని బాలచంద్రన్ నాలుగుసార్లు పోయి బతిమాలి ఒప్పించాడు.

చిన్నమణి ఎక్కి నేరుగా తంగమ్మ పక్కన కూర్చుంది. నలభై ఐదేళ్లుంటాయి. పలకరింపు కూడా లేకుండా చేయి పట్టుకుంది.

"అక్కా, మీ కోసమే వచ్చినా. ఆ జాబు వినేదానికి."

తంగమ్మ కిటికీ వైపు జరిగి ఆమెకు చోటిచ్చింది.

లత్తేరి దాటాక చిన్నమణి దగ్గరికి జరిగింది. రైలుగేటు దగ్గర వ్యాను ఆగినప్పుడు, రైలు పోయే చప్పుడులో, తంగమ్మకు మాత్రమే వినపడేటట్టు చెప్పింది.

"ఎవురికీ చెప్పలేదక్కా. మా ఇంటాయనకు గూడా. పోయేదానికి నాలుగు దినాల ముందర ఫోన్ చేసినాడు. నా వల్ల కాదమ్మా, వచ్చేస్తా అన్నాడు. వేండాం రా కన్నా, రావద్దు, నలుగురూ నవ్వుతారు, ఉండు అన్నా. సరిమ్మా అని పెట్టేసినాడు. ఆ సరిమ్మా ఒకటే చెవిలో..." ఆమె ఊపిరి అందలేదు. "మీవాడు మీ మీద కోపం లేదని రాసినాడంట కదా. అది నిజమేనా అక్కా? పోయినోళ్లకి నిజంగానే కోపం ఉండదా?"

రవికలోని నీలం కాగితం తంగమ్మ గుండెకు గుచ్చుకుంది. ఇంట్లో సగం చొక్కాతో నిలబడిన మనిషి ఒక్క క్షణం కళ్లలో మెదిలాడు. ఆ మనిషి మీద కోపం తగ్గలేదు. పక్కనున్న ఈ మనిషి మీద కోపం రాలేదు. రెండూ ఒకే తప్పు కదా అని మనసు అడుగుతూనే ఉంది.

గేటు లేచింది. పాలారు వంతెన వచ్చేదాకా చిన్నమణి ఆ చేయి వదలలేదు.

*

వేలూరు సభలో కుర్చీలు నిండాయి. ముందు వరసలో చిన్నమణిని కూర్చోబెట్టారు. వెనక మూడు వరసల్లో పాత సిపాయిలు. కొందరికి కర్రలు, ఇద్దరికి చక్రాల కుర్చీలు. వేదిక మీద పొడవాటి బల్ల, దాని మీద వెలిగించిన దీపాలు. సరిహద్దుకు ఏ పక్కన చనిపోయినవాళ్ల దీపమో తెలియకుండా అన్నీ ఒకే వరసలో పెట్టడం ఆ సంఘం పద్ధతి. దానికి బయట తిట్లు తిన్న రోజులు ఉన్నాయి. ఆ తిట్లన్నిటికీ అడ్డం నిలిచింది మణి జాబే.

"ఇప్పుడు మణికంఠన్ అమ్మగారు," అన్నాడు బాలచంద్రన్ మైకులో. ప్లాస్టిక్ తొడుగులో ఉన్న జాబు ఆమెకు అందించాడు. అతని కళ్లు బతిమాలుతున్నాయి. ఒక్కసారికి, ఆమె కోసం, ముందు వరసలో ఉన్న ఆ తల్లి కోసం.

తంగమ్మ జాబు అందుకోలేదు. ఆర్తి భుజం పట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ ఆమె 'నా కొడుకు' అనే మాటతోనే మొదలుపెడుతుంది. సభకు అది అలవాటు.

"ఆ జాబు నా కొడుకు రాసింది కాదు."

పంకాల చప్పుడు వినపడింది.

"అది రాసినోడు ఈయన. ఇన్నేండ్లుగా నాకు తెలియదు. ఈ పొద్దు తెలిసింది. ఆ మాటలు నా బిడ్డవని నమ్మి మీకు చెప్పినా. మీరూ నమ్మినారు."

"ఏందమ్మా ఇది!" వెనక వరసలోంచి ముసలి సుబేదారు జానకిరామన్ కర్ర మీద లేచాడు. "ఆ జాబును నమ్ముకొని కదా మేమంతా ఊరోళ్లతో మాటలు పడింది! బాలా, ఏం చెప్తావు?"

బాలచంద్రన్ కదల్లేదు. చాచిన చేతిలో జాబు అలాగే ఉంది.

"వాణ్ని తర్వాత అడగండి," అంది తంగమ్మ. "నేనూ అడగాల్సింది శానా ఉండాది. వాడు చేసింది నేను మరిచిపోను. కానీ సుబేదారయ్యా, కాలు పోయినోడు బతికొచ్చి నోరు తెరిచి చెప్తే వినకుండా, సచ్చినోడి పేరు పెడితేనే విన్నాము కదా మనమంతా. నేనూ అంతే. వాడు దినామూ నా ఎదురుగానే ఉండినాడు. నీకేమైంది నాయనా, నువ్వేం చూసినావు అని ఒక్కరోజు అడగలేదు నేను."

ముసలి సుబేదారు నిలబడే ఉన్నాడు. అతని పక్కన చక్రాల కుర్చీలో ఉన్నతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

తంగమ్మ రవికలోంచి నీలం కాగితం తీసింది. తనకు చదవడం రాని ఆ కాగితాన్ని మడతలు విప్పి ఆర్తి ముందు పట్టింది.

"నా కొడుకు రాసింది ఇది. వాడు భయపడినాడు. రమ్మనమని అడిగినాడు. రమ్మనలేదు మేము."

ముందు వరసలో కుర్చీ కాళ్లు నేల మీద గీరుకున్నాయి.

కోపం లేదన్న మాట వినడానికి వచ్చిన చిన్నమణి లేచింది. ఎవరి వైపూ చూడకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీల మధ్య నుంచి తలుపు వైపు నడిచింది. రంజని ఆపబోయింది. పిలవడానికి గొంతు లేదు.

"చిన్నమణీ!"

తంగమ్మ మైకు వదిలేసి అరిచింది. ఆ అరుపు మైకు లేకుండానే సభంతా వినపడింది.

తలుపు దగ్గర చిన్నమణి ఆగింది. వెనక్కి తిరగలేదు. ఒక చేయి తలుపు మీదే ఉంది.

వేదిక మీద ఆర్తి కాగితం పట్టుకుని, చదవాలా వద్దా అని అవ్వ ముఖంలోకి చూసింది.

తంగమ్మ మనవరాలి వైపు చూడటం లేదు. తలుపు మీద ఆగిన ఆ చేతినే చూస్తోంది.